ఆఫీసు మేడలోకి ఆసుపత్రి వస్తే: ట్రంకు రోడ్డు భవనాల బరువు లెక్క

ఆఫీసు కోసం వేసే స్లాబును చదరపు మీటరుకు సుమారు 250 కిలోల వాడకపు బరువుకి లెక్కగడతారు. మనుషులు, బల్లలు, కుర్చీలు, ఒకటో రెండో బీరువాలు అన్నీ అందులోకే రావాలి. అదే స్లాబు మీద కొత్తగా బాత్‌రూము కావాలని నేలను తొమ్మిది అంగుళాలు ఎత్తి ఇటుక ముక్కలు, సిమెంటు మాలు నింపితే, ఆ నింపుడే చదరపు మీటరుకు 350 కిలోలు దాటుతుంది. ఇంకా టైల్సు పరవలేదు, బకెట్టు నీళ్లు పొయ్యలేదు, మనిషి అడుగు పెట్టలేదు.

నెల్లూరులోనూ ఒంగోలులోనూ ట్రంకు రోడ్డు మీద ఉన్న పాత మూడు, నాలుగంతస్తుల మేడల్లో ఇలాంటి పని ఒక్కసారితో ఆగడం అరుదు. బ్యాంకు ఖాళీ చేస్తే కోచింగ్ సెంటరు వస్తుంది, అది పోతే హాస్టలు, ఆ తర్వాత నర్సింగ్ హోము. బోర్డు మారితే దారిన పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. స్లాబు మీద బరువు, పైపుల్లో నీళ్లు, మెట్ల మీద జనం ఎంత పెరిగారో మాత్రం ఎవరికీ కనిపించదు. ఓనరు అద్దె లెక్క చూస్తాడు, అద్దెకి వచ్చినవాడు చదరపు అడుగులు చూస్తాడు. స్లాబు సంగతి మేస్త్రీకి వదిలేస్తారు.

పట్నంలో మేడ, మన ఊళ్లో మేడ

నెల్లూరు వాళ్లకి పాత రోజుల్లో పట్నం అంటే మద్రాసు. పట్నం వెళ్లొచ్చినవాళ్లు వింతగా చెప్పుకున్న మేడ మౌంట్ రోడ్డు మీది ఎల్ఐసీ భవనం. 1953లో, ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయిన ఏడే, దాని పని మొదలైంది. అప్పటికి ఎల్ఐసీ పుట్టనే లేదు. ఎం.సీటీ.ఎం. చిదంబరం చెట్టియార్ తన యునైటెడ్ ఇండియా బీమా కంపెనీ కోసం దాన్ని తలపెట్టారు. 1954లో ఆయన సింగపూర్‌లో విమాన ప్రమాదంలో చనిపోయారు. 1956లో జీవిత బీమా జాతీయమై, సగంలో ఉన్న మేడ కొత్తగా పుట్టిన ఎల్ఐసీ చేతికొచ్చింది. లండన్ ఆర్కిటెక్టులు బ్రౌన్, మౌలిన్‌ల నమూనాతో మొదలైన పనిని మద్రాసు ఆర్కిటెక్టు ఎల్.ఎం. చితాలే పూర్తిచేయగా, 1959 ఆగస్టు 23న అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ ప్రారంభించారు. ఎత్తు 177 అడుగులు. సున్నం, ఇటుకతో కట్టే మద్రాసులో కాంక్రీటు స్తంభాల మీద లేచిన తొలి పెద్ద మేడ అది. 1975లో అందులో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. బాగుచేసి మళ్లీ ఆఫీసే పెట్టారు.

కట్టడం పూర్తికాకముందే యజమాని మారినా, ఆ మేడ పని మాత్రం మారలేదు. కట్టించినవాడూ వాడుకునేవాడూ ఒకే సంస్థ కావడమే కారణం. అద్దె బాగా వస్తుందని మూడో అంతస్తు హాస్టలుకి ఇచ్చే అవసరం ఎల్ఐసీకి ఏముంటుంది?

మన జిల్లా కేంద్రాల మేడల పరిస్థితి వేరు. అవి అద్దె కోసం కట్టినవి. 1969 జులై 19న 14 బ్యాంకులు జాతీయమైన తర్వాత కొత్త బ్రాంచీలకు చోటు కావలసి వచ్చింది. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. తాలూకా ఊరు జిల్లా కేంద్రమైతే ఆఫీసులు, వాటిని అంటిపెట్టుకుని వకీళ్లు, ఆడిటర్లు, బీమా ఏజెంట్లు వస్తారు. 1990ల్లో నెల్లూరు తీరమంతా రొయ్యల చెరువులైనప్పుడు మేత, మందుల డీలర్లకు గదులు కావాల్సి వచ్చాయి. ఒంగోలులో పొగాకు, చీమకుర్తి గ్రానైటు వ్యాపారులదీ అదే కథ. తర్వాత కంప్యూటర్ సెంటర్లు, ఎంసెట్ కోచింగులు వచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ప్రైవేటు ఆసుపత్రులకు పడకలు పెంచుకునే అవసరం ఎక్కువైంది. నెల్లూరు పొగతోట సందుల్లోకి వెళ్తే, ఇల్లుగానో ఆఫీసుగానో పుట్టి ఆసుపత్రిగా బతుకుతున్న భవనాన్ని గుర్తుపట్టడానికి పెద్ద ఇంజినీరు అక్కర్లేదు. స్ట్రెచర్ తిరగలేని మెట్ల మలుపే చెప్పేస్తుంది.

50 అంకణాల లెక్క

తేలిగ్గా లెక్క వేసుకోవడానికి ఒక మేడ అనుకుందాం. నెల్లూరు కొలతలో 50 అంకణాల స్థలం. అంకణానికి 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు, మొత్తం 400 గజాలు. (తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులే. అటు స్థలం బేరమాడే నెల్లూరు మనిషి ఈ సంగతి మర్చిపోతే సగానికి సగం మునిగినట్టే.) చుట్టూ ఖాళీ వదలగా అంతస్తుకు 2,700 చదరపు అడుగులు, సుమారు 250 చదరపు మీటర్లు. కింద గ్రౌండు, పైన మూడంతస్తులు, ఎత్తు 44 అడుగులు. నాలుగడుగుల వెడల్పున ఒకే మెట్ల దారి, ఆరుగురు పట్టే లిఫ్టు, అంతస్తుకు రెండు మరుగుదొడ్లు, రెండూ మెట్ల పక్కనే. 1985 ప్రాంతంలో కట్టినది.

ఆ సంవత్సరానికి అర్థం ఉంది. అప్పుడు అమల్లో ఉన్న 1978 నాటి కాంక్రీటు కోడ్ ఎం15 రకం కాంక్రీటును (అంకె ఎంత పెద్దదైతే కాంక్రీటు అంత గట్టిది) ఒప్పుకునేది. 2000లో కోడ్ మార్చాక ఆర్‌సీసీకి కనీసం ఎం20 వాడాలన్నారు. భూకంపానికి తట్టుకునేలా పిల్లర్ల రింగులు ఎంత దగ్గరగా కట్టాలి, కొనలు ఎలా వంచాలి అని చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 వచ్చింది 1993లో. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది. 2002 నాటి భూకంప పటంలో నెల్లూరు, ఒంగోలు రెండూ మూడో జోన్‌లో ఉన్నాయి. కాబట్టి మన ఊహా మేడ కాంక్రీటు తక్కువ రకం, రింగులు దూరం దూరం. అది ఆఫీసుగా ఉన్నంతకాలం నిలబడి ఉండటం వల్ల ఏ పనికైనా పనికొస్తుందని అనుకోవడానికి లేదు.

బరువు

ఐఎస్ 875 రెండో భాగం ఏ వాడకానికి ఎంత బరువు లెక్క వెయ్యాలో చెబుతుంది. చదరపు మీటరుకు 100 కిలోలను ఒక కిలోన్యూటన్ అనుకుంటే, ఇంటి గదులకు, ఆసుపత్రి వార్డులకు 2, సామాను గది విడిగా ఉన్న ఆఫీసుకు 2.5, తరగతి గదికి, ఆపరేషన్ థియేటరుకు 3, దుకాణానికి 4, రికార్డు గదికి, జిమ్ముకు 5. గోదాముకైతే పేర్చే ఎత్తులో ప్రతి మీటరుకూ 2.4 చొప్పున, ఎంత తక్కువ పేర్చినా 7.5.

ఈ వరస చూస్తే ఆఫీసు కంటే ఆసుపత్రి వార్డే తేలిక. ఆసుపత్రి పెట్టేవాళ్లకు ఇంజినీరు ధైర్యం చెప్పేది ఈ అంకె చూసే. ఇబ్బంది మంచాలతో రాదు, మంచాల చుట్టూ కట్టే గోడలతో వస్తుంది. ఆఫీసు అంటే విశాలమైన హాలు, చెక్క పార్టిషన్లు. నర్సింగ్ హోము అంటే గది గదికీ గోడ, గది గదికీ బాత్‌రూము. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పది అడుగుల ఎత్తున, రెండు వైపులా పూతతో, నిడివి మీటరుకు 800 కిలోలు తూగుతుంది. కింద బీము ఉన్నచోట కడితే సరే. గది కొలత కలిసొస్తుందని స్లాబు నడిమధ్యన కడితే, ఆరు నెలలకి కింది అంతస్తు సీలింగులో ఆ గోడ ఎక్కడుందో గీత గీసినట్టు పగులు కనిపిస్తుంది. అదే గోడను నాలుగంగుళాల ఏఏసీ బ్లాకుతో (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు ఇటుక) కడితే మీటరుకు 350 కిలోల లోపు, జిప్సం బోర్డు పార్టిషన్‌తో అయితే 100 కిలోల లోపు. ఖర్చు ఎక్కువని ఇటుకకే మొగ్గుతారు. పిల్లర్‌కి జాకెట్ (చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు) వెయ్యాల్సిన రోజు వస్తే ఆ తేడా ఏ మూలకీ రాదు.

యంత్రాల సంగతి ఇంకోరకం. సీటీ స్కాన్ రెండు టన్నుల చుట్టూ, 1.5 టెస్లా ఎంఆర్ఐ అయిదారు టన్నులు, ఆపైన దాని గది చుట్టూ కవచం. ఇవి గ్రౌండు ఫ్లోరులోనే, నేల మీద కొత్తగా వేసిన కాంక్రీటు దిమ్మె మీదే ఉండాలి. యంత్రాన్ని లోపలికి తెచ్చే దారిలో స్లాబు ఉంటే ఆ దారికీ కింద సపోర్టు పెట్టాలి. మోసుకెళ్లేటప్పుడు బరువంతా నాలుగు చక్రాల మీదే పడుతుంది కదా.

పాత బ్యాంకు మేడ దొరికినవాళ్లకి ఒక అదృష్టం ఉంది, స్ట్రాంగ్ రూము. అడుగు మందం ఆర్‌సీసీ గోడలు, పగలగొట్టాలంటే వారం రోజులు చుట్టుపక్కల ఎవరికీ నిద్ర ఉండదు. ఎక్స్‌రే గదికి మామూలుగా తొమ్మిది అంగుళాల ఇటుక గోడో దానికి సమానమైన సీసపు రేకో కావాలి, గది 18 చదరపు మీటర్లకు తక్కువ ఉండకూడదు. స్ట్రాంగ్ రూము ఆ కొలతకి సరిపోతే గోడల పని అయిపోయినట్టే. తలుపుకి సీసపు రేకు, గాలి ఆడటానికి ఏర్పాటు చేసుకుంటే చాలు. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఎలాగూ తీసుకోవాలి.

బట్టల దుకాణాలది ఎదురు సమస్య. వాళ్లకి గోడలు అక్కర్లేదు, ఉన్నవి కూడా తీసెయ్యమంటారు. గ్రౌండు ఫ్లోరులో రోడ్డు వైపు గోడలన్నీ తీసి అద్దాలు పెడితే, పై అంతస్తులు గోడలతో బిగుసుకుని ఉంటాయి, కింద ఒట్టి పిల్లర్లు మిగులుతాయి. భూమి ఊగితే ముందు విరిగేది అక్కడే. రెండో తప్పు, పై అంతస్తుని గోదాము చేసి చీరల బేళ్లు సీలింగు దాకా పేర్చడం. కోడ్ 7.5 అడిగే చోట ఉన్నది 2.5. సరుకు వెనకవైపు గ్రౌండు ఫ్లోరులోనే ఉండాలి, అక్కడ ఎంత అద్దె పోయినా సరే.

నీళ్లు

ఐఎస్ 1172 ప్రకారం ఆఫీసులో మనిషికి రోజుకి 45 లీటర్లు, హాస్టల్లో 135, వంద పడకల లోపు ఆసుపత్రిలో పడకకి 340. మన మేడలో ఒక అంతస్తు ఆఫీసైతే పాతిక మంది, 1,125 లీటర్లు. అదే అంతస్తులో 50 మంది పిల్లల హాస్టలు పెడితే 6,750 లీటర్లు. 15 పడకలు వేస్తే 5,100. డయాలసిస్ పెడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలకు ఒక్కో రోగికి 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు పోతుంది. పది కుర్చీలు, మూడు షిఫ్టులు అంటే 3,600 లీటర్లు, ఆర్వోలో వృథా అయ్యేది కలిపితే దాదాపు రెట్టింపు.

అంత నీరు ఎక్కడ నిలవ చెయ్యాలి? టెర్రస్ మీదే అంటారు. పదివేల లీటర్ల ట్యాంకు నిండితే పది టన్నులు. దాన్ని స్లాబు మధ్యలో ఇటుక దిమ్మె మీద పెట్టకూడదు. పిల్లర్ల నెత్తి మీద ఇనుప ఐ బీములు వేసి వాటి మీద కూర్చోబెట్టాలి. అంతకంటే మేలు సంపు పెద్దది చేసి, పైన చిన్న ట్యాంకు పెట్టి, రోజుకి నాలుగుసార్లు ఎక్కించుకోవడం.

వచ్చిన నీరు పోవాలి కూడా. నాలుగంగుళాల మురుగు పైపుకి అరవై అడుగులకి ఒక అడుగు వాలు కావాలి. మెట్ల పక్కనున్న పాత పైపుకి 40 అడుగుల దూరంలో కొత్త బాత్‌రూము కడితే ఎనిమిది అంగుళాల పల్లం. నేలను తొమ్మిది అంగుళాలు ఎత్తే అలవాటు ఈ ఎనిమిది అంగుళాల నుంచే పుట్టింది. దీనికి రెండు విరుగుళ్లు. కొత్త బాత్‌రూములన్నీ బయటి గోడ వెంబడి పెట్టి, పైపులు గోడ బయట దించడం ఒకటి. పైపును స్లాబు కింద వేలాడదీసి, కింది అంతస్తులో ఫాల్స్ సీలింగుతో కప్పడం రెండోది. రెండో దానిలో పైపు బీమును దాటాల్సిన చోటు వస్తుంది. ప్లంబరు బీముకి కన్నం వేస్తానంటాడు. అక్కడ మాత్రం ఒప్పుకోవద్దు. బీము అడుగు కడ్డీలు రెండు తెగితే ఆ బీము మోసే శక్తిలో ఎంత పోయిందో చూసి చెప్పడం ఎవరితరమూ కాదు. స్లాబులో కన్నమైనా గొట్టపు డ్రిల్లుతో, ముందు రాడ్ల జాడ చూసుకుని వెయ్యాలి. సమ్మెట, ఉలితో కొడితే నాలుగంగుళాల కన్నానికి అడుగు మేర కాంక్రీటు అదురుతుంది.

నేల ఎత్తక తప్పకపోతే ఇటుక ముక్కల బదులు బొగ్గు బూడిద గుల్లతోనో విరిగిన ఏఏసీ బ్లాకులతోనో నింపితే బరువు సగానికి తగ్గుతుంది. టైల్సు వేసేముందు నహాని ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే కన్నం) మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది సీలింగు చూడాలి. ఈ రెండు రోజులు ఆగలేని మేడలోనే డాక్టరు గారి కన్సల్టేషన్ గదిలో బకెట్టు పెట్టాల్సి వస్తుంది.

మన తీర ప్రాంతంలో ఇంకో తలనొప్పి, ఉప్పు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువున్న చోట బాత్‌రూము కారడం మొదలైతే ఆ ఉప్పు కాంక్రీటులోకి దిగి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పైనున్న కాంక్రీటుని పెచ్చులుగా తోసేస్తుంది. పెచ్చు ఊడినచోట సిమెంటు మెత్తి సున్నం కొడితే రెండేళ్లు కనిపించదు. మూడో ఏడు ఇంకా పెద్ద పెచ్చు ఊడుతుంది.

మెట్లు

జాతీయ భవన నిర్మాణ కోడ్ (2016) ఆఫీసులో మనిషికి 10 చదరపు మీటర్లు, తరగతి గదిలో 4 చదరపు మీటర్లు లెక్క వేసి మెట్లు చూస్తుంది. మన అంతస్తులో ఆఫీసైతే 25 మంది, కోచింగ్ అయితే 62 మంది. మనిషికి 10 మిల్లీమీటర్ల వెడల్పు చొప్పున నాలుగడుగుల మెట్లు అంతస్తుకి 120 మందికి సరిపోతాయి. కాగితం మీద కోచింగ్ సెంటరు గెలిచినట్టే. కానీ బెంచీకి ఐదుగురు చొప్పున 200 మందిని కూర్చోబెట్టే బ్యాచ్ ఆ లెక్కలో లేదు. పైగా చదువు చెప్పే భవనానికి మెట్లు కనీసం మీటరున్నర వెడల్పు ఉండాలని అదే కోడ్ అంటుంది. ఆసుపత్రికి రెండు మీటర్లు. నాలుగడుగులు అంటే 1.2 మీటర్లే. ఒక దారి పొగతో నిండితే రెండోది ఉండాలన్నది అన్నిటికంటే ముఖ్యం. మన మేడకు ఆ రెండోది లేదు.

ఆ ఉన్న ఒక్క మెట్ల కిందే కరెంటు మీటర్లు, ఇన్వర్టరు బ్యాటరీలు, పాత ఫ్లెక్సీలు ఉంటాయి. నిప్పు అక్కడ పుడితే మెట్ల దారే పొగ గొట్టం అవుతుంది. 2019 మే 24న సూరత్‌లో ఒక వాణిజ్య భవనం పై అంతస్తులోని కోచింగ్ సెంటరులో 22 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హోటల్లో మంటలు లేచి పది మంది చనిపోయారు. రెండు చోట్లా మేడ కట్టింది ఒక పనికి, వాడింది ఇంకో పనికి.

ఆసుపత్రికి మెట్ల కంటే లిఫ్టు పెద్ద చిక్కు. ఆరుగురి లిఫ్టు లోపల 1.1 మీటర్లు, 1 మీటరు. స్ట్రెచర్ పొడవే రెండు మీటర్లు. మంచం పట్టే లిఫ్టు లోపల 1 మీటరు వెడల్పు, 2.4 మీటర్ల లోతు ఉండాలి, కాబట్టి పాత గుంతలో అది పట్టదు. మేడ వెనక ఖాళీలో విడిగా ఇనుప ఫ్రేముతో కొత్త లిఫ్టు నిలబెట్టి, ప్రతి అంతస్తుకూ చిన్న వంతెన వెయ్యడమే ఆచరణలో కుదిరే దారి. ఆ పక్కనే బయటి మెట్లు కూడా కట్టేస్తే రెండో దారి సమస్యా తీరుతుంది. అయితే వెనక వదిలిన ఖాళీ నిబంధనల ప్రకారం వదిలిందే కాబట్టి, కట్టకముందు కార్పొరేషన్ టౌన్ ప్లానింగు వాళ్లతో తేల్చుకోవాలి.

చట్టంలో ఒక మెలిక కూడా ఉంది. రాష్ట్రంలో వాణిజ్య భవనానికి 15 మీటర్ల ఎత్తు నుంచి అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ కావాలి. మన 44 అడుగుల మేడ 13.4 మీటర్లు, ఆఫీసుగా ఉన్నంతకాలం తప్పించుకుంది. బడి, సినిమా హాలు, ఫంక్షన్ హాలు లాంటి జనం గుమిగూడే భవనాలకు ఎత్తు 6 మీటర్లు దాటితే చాలు, ఎన్ఓసీ కావాలి. మేడ అంగుళం పెరగలేదు, బోర్డు మారింది, చట్టం పట్టుకుంది. నర్సింగ్ హోముకైతే దీంతోపాటు 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషను, 2016 నిబంధనల ప్రకారం వ్యర్థాలకు ఏర్పాటు. ఆ వ్యర్థాల గది గ్రౌండు ఫ్లోరులో, బండి దగ్గరికి వచ్చేలా ఉండాలి. 48 గంటలకు మించి నిలవ ఉంచకూడదు. మ్యాపులో ఆ గదికి చోటు ముందే తీసిపెట్టినవాళ్లు తక్కువ. చివరికి అది మెట్ల కిందికే చేరుతుంది.

కిందా పైనా

సెల్లారు గురించి మన జిల్లాల్లో ఒక్క మాట చాలు. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 నవంబరు, 2021 నవంబరు చూసిన నెల్లూరుకి సెల్లారులో ఫార్మసీ, ల్యాబు, కరెంటు ప్యానెల్ పెట్టవద్దని వేరే చెప్పాలా? 2024 జులైలో ఢిల్లీలో సెల్లారులో నడుస్తున్న కోచింగ్ లైబ్రరీలోకి వాన నీరు దూకి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. బండ్లకు ఇచ్చిన చోటు బండ్లకే ఉంచాలి. జనరేటరు, ప్యానెల్ రోడ్డు మట్టానికి మూడడుగుల పైనుండాలి.

టెర్రస్ మీద హోర్డింగు. గాలి కోడ్‌లో నెల్లూరుకి సెకనుకి 50 మీటర్ల వేగం. దాన్ని ఒత్తిడిగా మారిస్తే చదరపు మీటరుకు 150 కిలోలు. 20 అడుగులు, 10 అడుగుల బోర్డును తుపాను గాలి 2.8 టన్నుల బలంతో తోస్తుంది. పిట్టగోడకి నాలుగు బోల్టులు బిగిస్తే బోర్డుతోపాటు పిట్టగోడా రోడ్డు మీదికి వస్తుంది.

పాత మేడకి కొత్త కళ తేవడానికి ముందు భాగమంతా ఏసీపీ రేకులు (రెండు పలచని అల్యూమినియం రేకుల మధ్య ఇంకో పొర ఉండేవి) కప్పేయడం ఇప్పటి అలవాటు. దాని వెనక కిటికీలు మూసుకుపోతాయి, పొగ బయటికి పోదు, నిచ్చెన వేసి ఎవరినీ దించలేరు. ప్లాస్టిక్ గుజ్జు ఉన్న చవక రకం రేకైతే అదే మండుతుంది.

చేతులు పెట్టేముందు చూడాల్సినవి

పాత డ్రాయింగులు దొరికితే సగం పని అయినట్టే. దొరకకపోతే రాడ్ లొకేటరుతో పిల్లర్లు, బీముల్లో ఎన్ని కడ్డీలున్నాయో చూసి, రెండు మూడు చోట్ల చెక్కి సరిచూడాలి. ఆ చెక్కిన చోటే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. కాంక్రీటు గులాబీ రంగుకి తిరిగితే ఆరోగ్యంగా ఉన్నట్టు. రంగు మారని పొర కడ్డీ దాకా పోయి ఉంటే, కడ్డీకి రక్షణ పోయినట్టు. రిబౌండ్ హామర్ (కాంక్రీటు మీద కొట్టి, ఎంత వెనక్కి ఎగిరిందో చూపే సుత్తి) ఒక్కటి చూసి రిపోర్టు ఇచ్చేవాళ్లని నమ్మొద్దు. అది పై పొర గట్టిదనమే చెబుతుంది, ముసలి కాంక్రీటు పై పొర ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. కనీసం మూడు చోట్ల కోర్ (గొట్టపు డ్రిల్లుతో కోసిన కాంక్రీటు ముక్క) తీసి బలం పరీక్షించాలి. సగటు బలం అసలు గ్రేడులో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా ఉండాలి.

అనుమానం తీరకపోతే స్లాబుకే పరీక్ష పెట్టొచ్చు. వాడకపు బరువుకి ఒకటింబావు రెట్లు 24 గంటలు మోయించి చూడటం. తరగతి గదికి 3 కిలోన్యూటన్లు అంటే 375 కిలోలు. స్లాబు చుట్టూ ఇటుక గట్టు కట్టి, టార్పాలిన్ పరిచి, పదిహేను అంగుళాల లోతున నీళ్లు నింపితే దాదాపు అంత. పార్టిషన్లు, టైల్సు లాంటి స్థిరమైన బరువు ఇంకా పడాల్సి ఉంటే దాన్నీ కలపాలి. నీళ్లకి ముందు స్లాబు కింద ఎంత వంగిందో చూపే డయల్ గేజీలు బిగిస్తారు. తగలకుండా రెండంగుళాల ఎడంతో కింద సపోర్టులు కూడా ఉంచుతారు, ఒకవేళ కూలితే పట్టుకోవడానికి. 24 గంటలకు ఎంత వంగిందో రాసి, నీళ్లు తీసేసి, మరో 24 గంటలకి ముప్పాతిక వంతు వెనక్కి లేచిందా చూస్తారు. లేవకపోతే 72 గంటలు ఆగి మళ్లీ మోయిస్తారు. రెండోసారి 80 శాతం లేవాలి. అప్పటికీ లేవని స్లాబు మీద పిల్లల్ని కూర్చోబెట్టడం గురించి మాట్లాడాల్సింది లేదు.

ఇవన్నీ చూశాక మా అంచనా ఇది. పాత ఆఫీసు మేడకి మళ్లీ ఆఫీసే మంచి అద్దెదారు. తర్వాత పడకలు లేని క్లినిక్కులు, శాంపిళ్లు తీసుకునే ల్యాబులు, మొదటి అంతస్తు దాటని ట్యూషన్లు. హాస్టలు నీళ్లతో చంపుతుంది, గోదాము బరువుతో చంపుతుంది, ఎక్కువ అద్దె ఇస్తామనేది వాళ్లిద్దరే. పడకల ఆసుపత్రి రెండో మెట్లు, వెనక లిఫ్టు, బయటి గోడ వెంబడి బాత్‌రూములు కుదిరితే నిలబడుతుంది, లేకపోతే కొత్త స్థలం చూసుకోవడమే చవక.

చివరగా, ఏ పరికరమూ లేకుండా పాత మేడలో చూడగలిగింది ఒకటుంది. టేపు పట్టుకుని మెట్ల ఎత్తు కొలవండి. మిగతావన్నీ ఆరున్నర అంగుళాలుండి, అంతస్తులోకి ఎక్కే చివరి మెట్టు ఎనిమిదిన్నర ఉంటే, పాత నేల తవ్వకుండా దాని మీదే కొత్త టైల్సు పరిచారని అర్థం. మన 2,700 చదరపు అడుగుల అంతస్తు మీద ఆ రెండంగుళాలు పాతిక టన్నులు.